సర్కారు బోణీ

గండిమడుగు పురపాలక సంఘం కమిషనర్ శరశ్చంద్ర ఒక సోమవారం ఉదయం దువ్వెన కొనడానికి బజారుకు వెళ్లారు. కొనలేదు. ఆ తరువాత పట్టణంలో జరిగినదంతా ఆ దువ్వెన కొనకపోవడం వల్లనే జరిగింది.

అంతకు ముందు వారం ఆయన రాజధానిలో ఒక శిక్షణకు వెళ్లి వచ్చారు. శిక్షణ పేరు ‘స్థానిక చిరువ్యాపారాల బలోపేతం’. అది ఒక హోటల్లో జరిగింది. వెళ్లిన ప్రతి అధికారికీ ఒక సంచి, ఒక పెన్ను, ఒక ధ్రువపత్రం ఇచ్చి, ఊరికి తిరిగి వెళ్లాక చిరువ్యాపారులను ఎలా బలోపేతం చేస్తారో రాసి పంపమన్నారు. కమిషనర్ రాయవలసింది ఇంకా రాయలేదు. ఆయన మనసంతా దాని మీదే ఉంది.

బజారు వీధిలో మస్తాన్‌కు ఫ్యాన్సీ అంగడి ఉంది. అప్పుడే తెరిచి, సాంబ్రాణి వెలిగించి కూర్చున్నాడు. కమిషనర్ ఒక దువ్వెన తీసి, పళ్లు చూసి, ధర అడిగి, కింద పెట్టేశారు.

మస్తాన్ లేచి నిలబడ్డాడు. “సార్ సార్, బోణీ బేరం సార్. కాదని పోవద్దండి. మీకెంత తోస్తే అంత ఇయ్యండి. మీ చేత్తో బోణీ అయితే పొద్దుగూకేదాకా యాపారం ఆగదు.”

“కాకపోతే?” అన్నారు కమిషనర్.

“ఏముండాది సార్. ఈగలు తోలుకుంటా కూసోవాల్సిందే.”

కమిషనర్ దువ్వెన సంగతి మరిచిపోయారు. జేబులోంచి శిక్షణలో ఇచ్చిన పెన్ను తీశారు.

ఆ మధ్యాహ్నమే సమావేశం పెట్టారు. “రోజంతటి వ్యాపారం మొదటి అమ్మకంపై ఆధారపడి ఉన్నదని క్షేత్రస్థాయి పరిశీలనలో తేలింది. అంతటి కీలకమైన మొదటి అమ్మకం ఇంతవరకు ఎవరి చేతిలో ఉంది?” అని అడిగారు.

కార్యాలయ మేనేజర్ పద్మనాభం నలుగురి మొహాలూ చూశారు. “ప్రజల చేతిలో ఉంది సార్,” అన్నారు.

“అదే లోపం,” అన్నారు కమిషనర్. “ఎవరో వస్తారు, కొంటారు, కొనరు. ఇంత ముఖ్యమైన విషయంలో బాధ్యత ఎవరిది? జవాబుదారీతనం ఎక్కడ? ఇకపై పట్టణంలోని ప్రతి చిరువ్యాపారికీ ప్రతిరోజూ పురపాలక సంఘమే బోణీ చేస్తుంది.”

సమావేశం చప్పట్లు కొట్టింది. పద్మనాభం కూడా కొట్టి, ఒక సందేహం వెలిబుచ్చారు. “మనం వెళ్లేలోపు ఇంకెవరైనా కొంటే సార్?”

“అప్పుడు మనది బోణీ అవుతుందా?”

“అవదు సార్. రెండో బేరం అవుతుంది.”

“ప్రభుత్వం రెండో బేరం చేస్తుందా?”

చేయదని అందరూ ఒప్పుకున్నారు. అందువల్ల ‘పురపాలక బోణీ భరోసా పథకం’ ఉత్తర్వులో ఈ వాక్యం చేరింది: ‘అధీకృత బోణీకి పూర్వము జరుగు ఏ విక్రయమైనను అనధికార విక్రయముగా పరిగణించబడును.’ మొదటిసారి పట్టుబడితే హెచ్చరిక, రెండోసారి సరుకు, మూడోసారి బండి. బోణీ నిర్వహణాధికారిగా బిల్లు కలెక్టర్ కుళ్లాయప్పను నియమించారు. కుళ్లాయప్పకు పట్టణంలో ప్రతి గుమ్మం తెలుసు. ఇంటి పన్ను వసూలుకు వెళ్లి అతను ఆ గుమ్మాల ముందే నిలబడేవాడు.

బస్టాండు ఎదురుగా సుంకులమ్మకు ఉగ్గాని బండి ఉంది. ఆమె పొద్దున్నే వచ్చి, బొరుగులు నీళ్లలో నానబెట్టి పిండేసి, ఉల్లిపాయలతో తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీలు కాలుస్తుంది. ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు, తొలి బస్సులకు వెళ్లేవాళ్లు తింటారు. తొమ్మిది దాటితే ఉగ్గాని గట్టిపడుతుంది, బజ్జీ మెత్తబడుతుంది, తినేవాళ్లు ఉండరు. ఆమె వ్యాపారమంతా ఆ పొద్దుటి పూటే.

ఆమె బండి నిలిపే చోటు పురపాలక సంఘానిది. వ్యాపారం సాగినంత కాలమే ఆ చోటు ఆమెది. సాగకపోతే అది ఖాళీ స్థలం కింద లెక్క. ఆ పక్కనే కొత్తగా ఒక పెద్ద మార్టు వచ్చింది. దానికి కార్లు నిలుపుకోవడానికి ఖాళీ స్థలం కావాలి. ఈ రెండు సంగతులూ సుంకులమ్మకు తెలుసు. మార్టుకూ తెలుసు.

పథకం మొదలైన రోజు ఆటో డ్రైవర్ రఫీ ఎప్పటిలాగే వచ్చాడు. “పెద్దమ్మా, ఒక ప్లేటు. బజ్జీ రెండెయ్యి.”

“ఇంగా బోణీ కాలేదప్పా,” అంది సుంకులమ్మ.

“నేను చేస్తాండా కదా.”

“నీ బోణీ చెల్లదంట. కుళ్లాయప్ప వచ్చి చెయ్యాలంట.”

“కుళ్లాయప్పదేం చెయ్యి, బంగారందా? సరే, ఊరికే పెట్టు. పదకొండుకి ఈడికే వస్తా, అప్పుడిస్తా దుడ్లు.”

సుంకులమ్మ గరిట కింద పెట్టింది. “బోణీ కాకముందే అప్పిచ్చేదా! నా బండి నిలబడాలనుండాదా, కూలిపోవాలనుండాదా నీకు?”

రఫీ లెంపలు వేసుకున్నాడు. ఆకలి మాత్రం ఆగలేదు. మార్టులోకి వెళ్లి బ్రెడ్డు కొనుక్కున్నాడు. మార్టు చిరువ్యాపారం కాదు కాబట్టి దానికి బోణీ నిబంధన లేదు. అది తెల్లవారగానే తెరిచి అమ్ముకుంటోంది.

కుళ్లాయప్ప పదిన్నర తరువాత వచ్చాడు. కార్యాలయంలో హాజరు వేయకుండా బోణీకి బయలుదేరకూడదు. కార్యాలయం తెరిచేది పదిన్నరకు. అతను ఒక బజ్జీ కొన్నాడు, దాన్ని కాగితంలో చుట్టించుకున్నాడు, బండికి అంటించిన కార్డు మీద ముద్ర వేశాడు.

“ఇంగ మొదలుపెట్టుకో అక్కా. సర్కారు బోణీ అయింది. ఈపొద్దు నీకు తిరుగుండదు.”

“ఎవరికి అమ్మేది నాయనా?” అంది సుంకులమ్మ. “ఆ పక్క చూడు, ఈ పక్క చూడు. కుక్క కూడా లేదు. ఉండేది నువ్వొక్కనివి. నువ్వేమో ఒక్క బజ్జీ తీసుకుంటివి, అది కూడా తినకపోతివి.”

“తినకూడదక్కా. అది సర్కారు బజ్జీ.”

నిజంగానే తినకూడదు. బోణీ కింద కొన్న వస్తువు పురపాలక ఆస్తి అని ఉత్తర్వులో ఉంది. దుకాణానికి ఒక్కటి, అందులోనూ అన్నిటికంటే చవకైనది కొనాలని కూడా ఉంది. కుళ్లాయప్ప నిబంధన తప్పే మనిషి కాదు. కుట్టు మిషను అంగట్లో ఒక గుండీ, అగరువత్తుల అంగట్లో ఒక వత్తి, పూల బండి దగ్గర ఒక మూర కాదు, ఒక పువ్వు. చెప్పుల అంగట్లో జత కంటే ఒక చెప్పు చవక కాబట్టి ఒక చెప్పు కొన్నాడు. చెప్పుల వ్యాపారి రోజూ ఎడమ చెప్పే ఇచ్చాడు. అడిగితే, కుడిది ఇస్తే జత కొన్నట్టు అవుతుందని, అప్పుడు మళ్లీ మొదటి బేరమా, రెండో బేరమా అనే పేచీ వస్తుందని అన్నాడు. కుళ్లాయప్పకు అది సబబుగానే తోచింది. ఇవన్నీ కౌన్సిల్ హాలులో భద్రపరిచారు. బజ్జీలను కూడా అక్కడే భద్రపరిచారు. కౌన్సిల్ సమావేశాలను వరండాలోకి మార్చారు.

మంగలి అంగళ్లతో చిక్కు వచ్చింది. అక్కడ కొనడానికి వస్తువు లేదు, గడ్డం గీయించుకోవాలి. అంగళ్లు చాలా ఉన్నాయి, కుళ్లాయప్పకు గడ్డం ఒక్కటే. పద్మనాభం ఆలోచించి అతని మొహాన్ని వార్డులవారీగా విభజించారు. కుడి చెంప బస్టాండు వాళ్లకు, ఎడమ చెంప పాత బజారు వాళ్లకు, చుబుకం కోట వీధికి. మీసం వివాదాస్పద ప్రాంతంగా మిగిలింది.

బస్టాండు దగ్గర మంగలి లింగన్న రోజూ వెంట్రుక లేని చెంప మీద కత్తి ఆడించి విసిగిపోయాడు. “ఏం కుళ్లాయన్నా, ఈడ మొలవనీకి టైమన్నా ఇయ్యి. నున్నటి బండ మీద ఏం గీకేది?”

“గీకినట్టు ముద్రెయ్యనీ చాలు. నాకు మాత్రం సరదానా? మంట లేస్తాంది.”

శవసంస్కారం సామాన్ల అంగడి ముందు మాత్రం కుళ్లాయప్ప ఆగిపోయాడు. ఆ అంగడికి తానే రోజూ బోణీ చేయాలంటే భార్య ఒప్పుకోలేదని కమిషనర్‌కు చెప్పుకున్నాడు.

“వ్యాపారాల మధ్య వివక్ష చూపడానికి వీలులేదు,” అన్నారు కమిషనర్. “అతను చిరువ్యాపారి కాదా?”

“చిరువ్యాపారే సార్.”

“అతనికి బలోపేతం అక్కర్లేదా?”

కుళ్లాయప్ప ఆ రోజు నుంచి ఒక కొత్త కుండ భుజాన పెట్టుకుని బజారు గుండా కార్యాలయానికి వెళ్లసాగాడు. దారిలో తెలిసినవాళ్లు తలగుడ్డలు తీసి, ఎవరు పోయారని అడిగేవాళ్లు. ఆఫీసు పని మీద వెళ్తున్నానని అతను చెప్పేవాడు.

నెల తిరగకముందే వ్యాపారులు కార్యాలయం ముందు కూర్చున్నారు. పథకం వచ్చాక అమ్మకాలు పడిపోయాయని చెప్పారు. మస్తాన్ అందరి తరఫునా మాట్లాడాడు. “సార్, మీరు బోణీ చేసిన కాణ్నుంచి మా అంగళ్లలో ఈగలు కూడా వాలడంల్యా.”

కమిషనర్ వాళ్ల మాట పూర్తిగా విన్నారు. పథకంలో లోపం ఉండే అవకాశం లేదు. బోణీ జరుగుతోంది, అయినా అమ్మకాలు లేవు. అంటే లోపం బోణీ చేసే చేతిలో ఉండాలి.

“ఈ కుళ్లాయప్ప హస్తవాసి ఎటువంటిదో నియామకానికి ముందు పరిశీలించారా?” అని పద్మనాభాన్ని అడిగారు.

“సర్వీసు రిజిస్టరులో ఆ గడి లేదు సార్.”

‘హస్తవాసి నిర్ధారణ సంఘం’ ఏర్పడింది. అందులో ఇంజనీరు, ఆరోగ్య పర్యవేక్షకుడు, పద్మనాభం సభ్యులు. వాళ్లు సిబ్బంది అందరి చేతులూ చూశారు, కొన్నిటిని కడిగించి మళ్లీ చూశారు. ఆ పైన, పథకం మొదలైనప్పటి నుంచి ఏ రోజు ఎంత వ్యాపారం జరిగిందో వీధి వీధికీ వెళ్లి విచారించారు. అన్ని రోజులూ ఒకే తీరుగా ఉన్నాయి, ఒక్క రోజు తప్ప. ఆ రోజు ప్రతి అంగట్లోనూ సరుకు అమ్ముడైంది. సుంకులమ్మ బండి మీద తొమ్మిదికల్లా గిన్నె ఖాళీ అయింది. ఆ రోజు బోణీ చేసింది ఎవరని ఆరా తీస్తే, ఎవరూ చేయలేదని తేలింది. కుళ్లాయప్ప మరదలి పెళ్లికి సెలవు పెట్టి గుత్తికి వెళ్లాడు. అడిగే నాథుడు లేడని అందరూ పొద్దున్నే అమ్ముకున్నారు.

సంఘం నివేదిక ఇచ్చింది. అందులోని ముఖ్య వాక్యం ఇది: ‘శ్రీ కుళ్లాయప్ప హస్తవాసి సామాన్యముగా ఉన్నను, ఆయన గైర్హాజరీ యొక్క హస్తవాసి అత్యుత్తమముగా ఉన్నట్లు నిర్ధారణ అయినది.’

కమిషనర్ నివేదికను రెండుసార్లు చదివి, వెంటనే ఉత్తర్వు ఇచ్చారు. ఇకపై పట్టణంలోని అన్ని దుకాణాలకూ కుళ్లాయప్ప గైర్హాజరీ బోణీ చేస్తుంది. అతను రోజూ సెలవులో ఉండాలి.

వ్యాపారులు ఊపిరి పీల్చుకున్నారు. సుంకులమ్మ మరునాటికి బొరుగులు ఎక్కువ తెప్పించుకుంది. కుళ్లాయప్ప ఇంట్లో పడుకుని చెంపలకు కొబ్బరినూనె రాసుకున్నాడు.

సాయంత్రానికి పద్మనాభానికి ఒక సందేహం వచ్చింది. “సార్, ఫలానా దుకాణానికి అతను ఫలానా రోజు రాలేదని మనకు రుజువేమిటి? రేపు ఆడిట్ వాళ్లు అడుగుతారు.”

“నిజమే,” అన్నారు కమిషనర్. “రాని మనిషి రాలేదని ఎవరు చెప్పగలరు? అతనే చెప్పాలి.”

ఉత్తర్వుకు సవరణ వెలువడింది. ‘శ్రీ కుళ్లాయప్ప ప్రతిదినము ప్రతి దుకాణమునకు స్వయముగా వెళ్లి, తాను అచ్చటికి రాలేదని ధ్రువీకరించి ముద్ర వేయవలెను. అట్టి ధ్రువీకరణకు పూర్వము జరుగు విక్రయము అనధికార విక్రయము.’

మరునాడు పదిన్నర తరువాత కుళ్లాయప్ప బండి దగ్గరికి వచ్చాడు. సుంకులమ్మ పొద్దుటి నుంచి చేతులు ముడుచుకుని కూర్చుని ఉంది.

“ఏం నాయనా, సెలవన్న్యారు కదా?”

“సెలవే అక్కా. నేను రాలే.”

“మరి ఈడ నిలబడింది ఎవురు?”

“నేనే. రాలేదని చెప్పిపోదామని వచ్చినా.”

సుంకులమ్మ అతన్ని కాళ్ల నుంచి తల దాకా చూసింది. “ఎండలో తిరగొద్దురా అబ్బోడా,” అంది. “మెదడుకు మంచిది కాదు.”

అతను ముద్ర వేసి తరువాతి అంగడికి రాకుండా ఉండడానికి వెళ్లిపోయాడు.

అలా సాగుతూ ఉండగా ఒక మంగళవారం సుంకులమ్మకు నోటీసు వచ్చింది. వేళకు వ్యాపారం సాగుతున్నట్లు కనబడనందున బండి స్థలాన్ని ఖాళీ స్థలంగా ఎందుకు పరిగణించకూడదో గురువారం నాడు వచ్చి చెప్పుకోవాలని అందులో ఉంది. రఫీ చదివి వినిపించాడు. ఆమె మళ్లీ చదవమంది. రెండోసారి కూడా అదే ఉంది.

“వేళకు యాపారం చేయనీకుండా చేసింది వాళ్లే కదప్పా,” అంది.

“ఆ ముక్క ఇందులో లేదు పెద్దమ్మా.”

గురువారం దాకా మార్టు ఆగలేదు. ఆ మధ్యాహ్నమే మనుషులను పెట్టి బండి చుట్టూ రోడ్డు మీద తెల్లరంగుతో గీతలు గీయించింది, కార్లు నిలుపుకోవడానికి. రంగు పచ్చిగా ఉంది. తొక్కితే ఊరుకునేది లేదని కాపలావాడు అరిచాడు. రోజూ సాయంత్రం బండిని తోసుకుని ఇంటికి తీసుకుపోయే సుంకులమ్మ ఆ రోజు తీసుకుపోలేకపోయింది. పొయ్యి, గిన్నెలు, కార్డు అన్నీ అక్కడే వదిలి, నోటీసు కొంగున కట్టుకుని నడిచి వెళ్లింది.

బుధవారం పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగించింది. రఫీ అడిగాడు. ఆమె ప్లేటు చేతికిచ్చి డబ్బు తీసుకుంది. తరువాత కాలేజీ పిల్లలు వచ్చారు. వాళ్లకూ ఇచ్చింది. కుళ్లాయప్ప వచ్చేసరికి గిన్నె అడుగు కనిపిస్తోంది.

“ఏందక్కా ఇది! బోణీ కాకనే అమ్మేసినావా? ఇట్లే అమ్మితే బండి పట్టకపోవాల్సొస్తాది!”

సుంకులమ్మ నడుముకు చెంగు చుట్టింది. “పట్టకపో చూద్దాం. నువ్వు ఈడికి వచ్చినావా, రాలేదా?”

“రాలే.”

“రాని మనిషివి బండెట్ల పట్టకపోతావు?”

కుళ్లాయప్ప ఆలోచించాడు. ఉత్తర్వులో దీనికి జవాబు లేదు. “అది సరేలే. బోణీ లేకుండా ఎందుకమ్మినావో చెప్పు. నేను రాసుకోవల్ల.”

“బోణీ నిన్ననే అయింది. నిన్న అంగడి కట్టేసుంటే కదా ఈపొద్దు మళ్ల తెరిచేది? మార్టోళ్లు రంగు పూసి నా బండిని కదలనీలే. నాకింగా మంగళారమే అయిపోలే! రాసుకో పో!”

కుళ్లాయప్ప రాసుకున్నాడు. పన్ను వసూళ్లలో జనం అన్నది అన్నట్టే రాయడం అతనికి అలవాటు. ఆ మధ్యాహ్నం కమిషనర్ బల్ల మీదికి కాగితం చేరింది: ‘సదరు వ్యాపారి వద్ద మంగళవారం ఇంకను ముగియలేదని తెలియవచ్చినది.’

కమిషనర్ కళ్లద్దాలు తుడుచుకున్నారు. “ఇది సాధ్యమా?”

పద్మనాభం మూల ఉత్తర్వు తీసి చదివారు. బోణీ ‘వ్యాపార దినమునకు ఒక పర్యాయము’ చేయాలని అందులో ఉంది. వ్యాపార దినము అంటే ఏమిటో కింద వివరణ ఉంది: ‘దుకాణము తెరచుటతో ప్రారంభమై మూయుటతో ముగియును.’ ఆ వివరణ కమిషనరే స్వయంగా చేర్చినది. చక్కగా కుదిరిందని అప్పుడు అందరూ అన్నారు.

“మూయలేదు కాబట్టి ముగియలేదు,” అన్నారు పద్మనాభం.

“అంటే చట్టం దృష్టిలో...”

“ఆ బండి దగ్గర మంగళవారమే నడుస్తోంది సార్.”

కమిషనర్ చట్టాన్ని గౌరవించే మనిషి. సుంకులమ్మ చర్య సక్రమమేనని రాసి సంతకం చేశారు.

ఆ వార్త మూడు వీధులు దాటేలోపు మస్తాన్ తన అంగడి షట్టరును జానెడు ఎత్తున ఆపేశాడు. మంగళవారం బోణీ అప్పటికే అయి ఉంది, మూయకపోతే చాలు. అయితే అతను పొద్దున ఒకసారి తెరిచాడు కదా అని ఎవరో అడిగితే, రాత్రి షట్టరు సరిగా పడదని, పడనిది మూసినట్టు ఎలా అవుతుందని ఎదురు అడిగాడు. విచారిస్తే, గండిమడుగులో ఏ అంగడి షట్టరూ ఇంతవరకు సరిగా పడినట్టు దాఖలా లేదు. అంగళ్లన్నీ మంగళవారంలోకి వెళ్లాయి. ఒక్కో వ్యాపారికీ ఒక్కో కాగితం రాయలేక పురపాలక సంఘం అందరికీ కలిపి ఒకే ఉత్తర్వు ఇచ్చింది. పురపాలక పరిధిలో ‘కొనసాగుచున్న మంగళవారము’ అమలులో ఉన్నదని బోర్డు పెట్టారు.

వ్యాపారం పుంజుకుంది. జనం వేళకు వచ్చారు, వేళకు కొన్నారు, ముద్ర కోసం ఎవరూ ఆగలేదు. సుంకులమ్మ ఎప్పటిలా తొమ్మిదికల్లా గిన్నె కడిగేది, బండిని మాత్రం ఇంటికి తీసుకుపోయేది కాదు. నోటీసు ప్రకారం ఆమె గురువారం నాడు వెళ్లి చెప్పుకోవాలి. గురువారం రాలేదు. మార్టువాళ్లు వెళ్లి అడిగితే, వచ్చినప్పుడు తెలియజేస్తామని కార్యాలయంలో చెప్పారు.

మార్టు క్యాలెండరు ప్రకారమే నడుస్తోంది. దాని బిల్లుల మీద శనివారం తేదీ పడుతోందని ఆరోగ్య పర్యవేక్షకుడు గమనించి నోటీసు ఇచ్చాడు. ఇంకా రాని రోజున తయారైన బ్రెడ్డును ప్రజలకు అమ్మడం ప్రమాదకరమని అందులో రాశాడు. మార్టు మేనేజరు కార్యాలయానికి పరుగెత్తుకుని వచ్చాడు.

“సార్, ఈ రోజు శనివారమే సార్. కావాలంటే ఫోను చూడండి.”

“మీ ఫోను పురపాలక పరిధిలోకి రాదు,” అన్నారు పద్మనాభం. “మీరు వస్తారు.”

ఇబ్బంది పడింది లింగన్న. మంగలి అంగళ్లకు మంగళవారం సెలవు. అతను కమిషనర్ ముందు టవలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. “సార్, మంగళారం మేము కత్తి పట్టం. మా తాతల కాణ్నుంచి పట్టలే. ఇంగెన్నాళ్లు సార్ ఈ సెలవు?”

“ఎన్నాళ్లని అడగకండి,” అన్నారు కమిషనర్. “ఒక్క రోజే.” అప్పటికే ఆయన గడ్డం మాసింది. పట్టణంలో మగవాళ్లందరికీ మాసింది. కుళ్లాయప్ప గడ్డం మాత్రం మూడు వార్డుల్లోనూ సమానంగా పెరుగుతోంది. దాన్ని అతను అప్పుడప్పుడూ తృప్తిగా తడుముకుంటున్నాడు.

ఇంటి పన్ను దగ్గర అసలు దెబ్బ తగిలింది. బోణీ పని తప్పిపోవడంతో కుళ్లాయప్పను మళ్లీ వసూలుకు పంపారు. ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట. “ఈపొద్దు మంగళారం కదప్పా, లచ్చిమిని బయటికి పంపకూడదు. రేపు రా, ఇస్తాం.” రేపు రాగలిగే పరిస్థితి అతనికి లేదు. పురపాలక సంఘం ఖజానా ఎండిపోయింది. వీధి దీపాల కరెంటు బిల్లు కట్టడానికి లేదు. కౌన్సిల్ హాలులోని ఎడమ చెప్పులను వేలం వేద్దామని పద్మనాభం అన్నారు. కొనేవాళ్లు కుడివి అడిగారు.

కమిషనర్ ఒంటరిగా తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. బయటికి వచ్చి పథకాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. లక్ష్యం నెరవేరినందున రద్దు చేస్తున్నామని ఉత్తర్వులో రాశారు. చిరువ్యాపారం పుంజుకున్న మాట అబద్ధం కాదు. పద్మనాభం ఉత్తర్వును శుభ్రంగా రాయించి, చివరి వాక్యం దగ్గర ఆగారు.

“సార్, ‘ఈ రద్దు రేపటి నుండి అమలులోకి వచ్చును’ అని ఉంది.”

“అవును.”

“ఈ రోజు నుండి అని రాయకూడదా సార్?”

“ఉత్తర్వు ఏదైనా మరుసటి రోజు నుంచే అమలు కావాలి. అది నిబంధన,” అన్నారు కమిషనర్. అని, తానన్న మాట తనకే వినబడి, కుర్చీలో వెనక్కి వాలారు.

రేపు రావాలంటే ఎవరో ఒకరు అంగడి మూయాలి. ఎవరు ముందు మూస్తారు? మస్తాన్‌ను అడిగితే షట్టరు సంగతి చెప్పాడు. మిగతావాళ్లు సుంకులమ్మ వైపు చూపించారు. మంగళవారం మొదలైంది ఆమె దగ్గర. ఆమె కట్టేస్తే తామూ కట్టేస్తామన్నారు.

కమిషనర్ పొద్దున్నే, కుళ్లాయప్పను వెంటబెట్టుకుని, బస్టాండుకు వెళ్లారు. బండి చుట్టూ జనం. తెల్లగీతలు జనం కాళ్ల కింద అరిగిపోయి, అక్కడక్కడ చుక్కల్లా మిగిలాయి.

“అమ్మా,” అన్నారు కమిషనర్. “పట్టణ ప్రయోజనాల దృష్ట్యా ఒక్కసారి మీ అంగడి మూయాలి. ఎక్కువసేపు అక్కర్లేదు. మూసి మళ్లీ తెరవండి. రేపు వచ్చేస్తుంది, పథకం పోతుంది. మీకిక ఏ బోణీ బాధా ఉండదు.”

“అట్లనా సార్,” అంది సుంకులమ్మ. బజ్జీలు తిప్పుతూ ఆలోచించింది. “రేపొస్తే ఎల్లుండి కూడా వస్తాది కదా సార్?”

“తప్పకుండా వస్తుంది.”

“అంటే గురువారం.”

సుంకులమ్మ ఒక బజ్జీ తీసి పళ్లెంలో వేసింది.

“గురువారం వస్తే నా బండి తీసేయాలని నోటీసిచ్చినారు కదా సార్. పథకం పోతే ఆ నోటీసు కూడా పోతాదా?”

కమిషనర్ కుళ్లాయప్ప వైపు చూశారు. కుళ్లాయప్ప తన గడ్డం వైపు చూసుకున్నాడు.

“అది వేరే ఫైలమ్మా,” అన్నారు కమిషనర్.

“ఓహో,” అంది సుంకులమ్మ. “అయితే కట్టేస్తాలే సార్. మీరంతగా అడిగితే కాదంటానా? ఈ ఉగ్గాని అయిపోనీండి.”

ఆమె గిన్నెలోకి చూసింది. అడుగున రెండు ప్లేట్లకు సరిపడా ఉంది. వెనక్కి తిరిగి, బొరుగుల మూట విప్పి, సగం మూట నీళ్లలోకి గుమ్మరించింది.

కమిషనర్ నిలబడి చూశారు. తాలింపు వాసన వచ్చింది. ఆయన పొద్దున ఏమీ తినకుండా బయలుదేరారు. ప్లేటు కోసం చెయ్యి చాపారు.

వెనక నుంచి రఫీ పిలిచాడు. “సార్, మేమంతా ముందొచ్చినాం. లైన్లో రండి.”

కమిషనర్ వెళ్లి వరసలో చివర నిలబడ్డారు.